డెల్టా కాలువల బిల్లులపై వ్యంగ్య వ్యాసం ఎలా రాయాలి?

ఏటా వేసవిలో ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువలకు నీరు కట్టేసిన రోజుల్లోనే పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు, లాకుల మరమ్మతులు జరుగుతాయి. మళ్లీ నీరు వదలగానే జరిగిన పనీ, జరగని పనీ కలిసి మునిగిపోతాయి. ప్రభుత్వ అక్రమాలపై వ్యంగ్యం రాయదలచిన గోదావరి జిల్లాల వారికి ఇంతకంటె పదునైన విషయం దొరకదు. అయినా ఈమధ్య కనిపిస్తున్న రచనలు చాలావరకు మంత్రిగారి పొట్టనూ, ఎమ్మెల్యేగారి యాసనూ, వారి కులాన్నీ ఎగతాళి చేసి ఆగిపోతున్నాయి. వాటిని చదివి ఎదుటి పార్టీవారు చప్పట్లు కొడతారు. కాంట్రాక్టరు బిల్లు మాత్రం నిక్షేపంగా పాసవుతుంది.

కావలసిన సరంజామా నోటుపుస్తకం, కలం, కొలత టేపు, కెమెరా ఉన్న ఫోను. నీరు కట్టేసిన వెంటనే ఒకసారి, పని పూర్తయిందని చెప్పాక మరొకసారి, అదే తూము దగ్గర నిలబడి అదే వైపు చూస్తూ ఫొటోలు తీయాలి. చిత్తుప్రతి చేత్తోనే రాయాలి. ఫోనులో టైపు చేసిన వ్యంగ్యంలో తొందరపాటు తెలిసిపోతుంది.

తరువాత సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ పని చేయించిన ఇంజనీరింగ్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో రుసుము గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. అంచనా, ఒప్పందం, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడగాలి. సమాధానానికి గడువు 30 రోజులు. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది కనుక, నీరు వదలకముందే ఆ కోరికనూ దరఖాస్తులో చేర్చాలి.

అసలు కష్టం ఎం.బుక్ చేతికి వచ్చాక మొదలవుతుంది; అందరూ బోల్తా పడేదీ ఇక్కడే. అందులో పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం అన్న గడులు ఉంటాయి. పనికి ముందు, తరువాత తీసిన లెవెల్స్, అంటే కాలువ అడుగు ఎత్తు కొలతలు, వేరుగా ఉంటాయి. చివరి మొత్తం చూడగానే చమత్కారానికి దిగకూడదు. మొదట ఆ అంకెను ఊరివారికి తెలిసిన కొలతలోకి మార్చాలి. రికార్డులో 1,200 క్యూబిక్ మీటర్ల మట్టి తీశామని ఉందనుకుందాం. ట్రాక్టరు తొట్టికి మూడు క్యూబిక్ మీటర్లు పడితే 400 ట్రిప్పులు. అంత మట్టి గట్టు మీద పోశారా, చెరువు పూడ్చారా, ఎవరి ఇంటి పునాదిలోనైనా పడిందా అని గట్టు వెంట నడిచి చూడాలి, గట్టు పొలాల రైతులను అడగాలి. మట్టి నిజంగానే ఎక్కడో కనిపిస్తే వ్యాసం మానుకోవాలి, అది ఎంత బాగా కుదిరినా సరే.

మట్టి కనిపించకపోతే అప్పుడు వ్యాజస్తుతికి దిగాలి, అంటే పొగుడుతూ తెగడాలి. "నాలుగు వందల ట్రిప్పుల మట్టిని మోసినా గట్టు మీద ఒక్క చక్రపు గాడి పడనివ్వని కాంట్రాక్టరుగారికి సన్మానం చేయాలి" అని రాస్తే చాలు. "దొంగ" అన్న మాట ఎక్కడా రాకూడదు. రికార్డు చెప్పినది, కంటితో చూసినది, మన కల్పన, ఈ మూడూ చదివేవారికి విడివిడిగా తెలియాలి. వీటిని కలిపేసిన వాక్యం ఒక్కటున్నా వ్యాసం మొత్తం అబద్ధమని కొట్టిపారేస్తారు. పైగా 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల వరకు సాధారణ జైలుశిక్ష పడవచ్చు. ప్రజాహితం కోసం చెప్పిన సత్యానికీ, ప్రభుత్వోద్యోగి విధినిర్వహణపై సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయానికీ అదే సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. సర్టిఫైడ్ నకలు చేతిలో ఉంటే వాటి అండ కోరడం తేలికవుతుంది.

మీమ్స్, మిమిక్రీ వీడియోలు ఎక్కువమందికి చేరుతాయని వాదించేవారున్నారు. చేరుతాయి, కానీ వాటిలో కొలత ఉండదు కనుక ఏ అధికారీ జవాబు చెప్పనక్కరలేదు. ప్రహసనాలు రాసిన వీరేశలింగంగారే రాజమహేంద్రవరంలో 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండి ఉద్యోగులను బయటపెట్టారు. నవ్వునూ నిజాన్నీ జోడించే ఆ దారి ఇక్కడే పుట్టింది, దానిని వదులుకోవడం మనకు తగదు.

వ్యాసం 600 మాటలు దాటకూడదు. అచ్చుకు పంపేముందు కాలువ కింద సాగుచేసే రైతు ఒకరికి చదివి వినిపించాలి. ఆయన ఏ అంకె దగ్గర ఆపి ప్రశ్నిస్తే ఆ అంకెను మళ్లీ సరిచూడాలి. కార్యాలయం నుంచి వివరణ వస్తే అంతే ప్రాముఖ్యంతో, ఒక్క అక్షరం తగ్గించకుండా ప్రచురించాలి.