కడుపుతో ఉన్నప్పుడు దురదలు: దద్దుర్లు ఉన్నాయా, లేవా?

అనంతపురం ఎండలకు ఎవరికైనా నవ పుడుతుంది. అందుకే కడుపుతో ఉన్న అమ్మాయి గోక్కుంటుంటే "వేడి చేసింది, మజ్జిగ తాగు" అనో, "బిడ్డకు వెంట్రుకలు మొలుస్తున్నాయిలే" అనో ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తారు. చాలాసార్లు భయపడాల్సింది ఏమీ ఉండదు, నిజమే. ఒక్క రకం దురదకు మాత్రం మజ్జిగ పనికిరాదు. ముందు మంచి వెలుతురులో చర్మం చూసుకోండి.

సమస్య: దద్దుర్లు లేవు, గోళ్ల గీతలే ఉన్నాయి. అరచేతులు, అరికాళ్లు నవ. రాత్రిళ్లు నిద్ర పట్టదు.

కారణం: కాలేయంలో పైత్యరసం సరిగా పారక, అందులోని ఆమ్లాలు (బైల్ యాసిడ్స్) రక్తంలోకి చేరడం. ఎక్కువగా ఏడో నెల దాటాక వస్తుంది. కొందరికి మూత్రం ముదురు రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి. కళ్లు తెల్లగానే ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు, చాలామందికి అసలు పచ్చబడవు. తల్లికి నిద్ర చెడటంతో సరిపోవచ్చు గానీ, ఈ యాసిడ్స్ లీటరుకు 100 మైక్రోమోల్స్ చేరితే కడుపులో బిడ్డ చనిపోయే ప్రమాదం పెరుగుతుంది.

పరిష్కారం: ఆలస్యం చేయకుండా కాన్పుల డాక్టరుకు చూపించి, లివర్ పరీక్షతో పాటు బైల్ యాసిడ్స్ పరీక్ష కూడా చేయించాలి. రిపోర్టు బాగానే వచ్చినా దురద తగ్గకపోతే మళ్లీ చేయించాలి. దురదకు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు. కాన్పు ముందుకు జరపాలా అన్నది రక్తంలోని యాసిడ్స్‌ను బట్టి డాక్టరే చెబుతారు. పచ్చకామెర్లని పల్లెల్లో పసరు పోయిస్తుంటారు, కడుపుతో ఉన్న మనిషికి ఆ పని చేయొద్దు. కాన్పయ్యాక దురద తగ్గిపోతుంది. తర్వాతి కాన్పులో మళ్లీ రావచ్చు కాబట్టి రిపోర్టులు దాచిపెట్టుకోండి.

సమస్య: నెలలు నిండేటప్పుడు పొట్ట మీది చారల్లో ఎర్రటి దద్దుర్లు లేచి తొడలకు పాకాయి. బొడ్డు చుట్టూ మాత్రం ఏమీ లేదు.

చూడటానికి ఘోరంగా ఉన్నా దీంతో బిడ్డకు హాని లేదు. తొలిచూలు వాళ్లలో, కవలలు ఉన్నవాళ్లలో ఎక్కువ. చర్మం బాగా సాగడం ఒక కారణం అంటారు. చల్లటి తడిగుడ్డ, కాలమైన్ లోషన్, తగ్గకపోతే డాక్టరు రాసిన క్రీమ్, మాత్రలు. కాన్పయ్యాక కొన్ని వారాల్లో పోతుంది.

దద్దుర్లు బొడ్డు దగ్గరే మొదలై నీటి బొబ్బలైతే సంగతి వేరు. ఒంట్లోని రోగనిరోధక శక్తి మన చర్మం మీదికే తిరగబడే అరుదైన జబ్బు అది. చర్మ డాక్టరు చూడాలి, బిడ్డ ఎదుగుదలకు స్కానింగ్‌లూ కావాలి.

మోచేతి మడతల్లో, మెడ మీద మొదటి నెలల నుంచే దురదగా ఉంటే అది పొడి చర్మం, పాత అలర్జీల వల్ల కావచ్చు. గోరువెచ్చటి నీళ్లు, తక్కువ సబ్బు, స్నానం అయ్యాక ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె. గజ్జల్లో గుండ్రంగా ఉంటే తామర. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములతో అది అణిగినట్టే అణిగి మరింత పాకుతుంది. ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు నవ ఉంటే గజ్జేమో చూడాలి, మందు అందరూ ఒకేసారి రాసుకోవాలి.

ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచితంగా చూస్తారు. అరచేతులు, అరికాళ్ల నవకు మాత్రం 9వ తేదీ దాకా ఆగొద్దు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే అది రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.