జెట్ బోట్ వణికి వేడెక్కితే ముందు జాలీ చూడండి

ఎండాకాలం టెక్సస్ లేక్స్‌లో బోటు దించే మనవాళ్ళకి ఒక మాట. బోటు ఉన్నట్టుండి గడగడా వణికి, ఆర్‌పీఎం పైకి పోతున్నా స్పీడు రాక, పైగా వేడి అలారం కూడా మోగిందంటే ఇంజన్ పోయిందని టెన్షన్ పడకండి, చాలాసార్లు అడుగున నీళ్ళు పీల్చే చోటున్న జాలీలోనో, జెట్ పంపులో తిరిగే రెక్కల చక్రం ఇంపెల్లర్‌కో హైడ్రిల్లా అనే నీటి కలుపు, తాడు ముక్క లాంటిది చుట్టుకుని ఉంటుంది. రెండూ కలిసి ఎందుకొస్తాయంటే, చాలా జెట్ బోట్లలో ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు కూడా ఆ జెట్ పంపు నుంచే వెళ్తాయి. పంపు మూసుకుపోతే బోటుని తోసే బలమూ తగ్గుతుంది, చల్లదనమూ తగ్గుతుంది.

వెంటనే ఇంజన్ ఆపండి. తాళం, లాన్యార్డ్ (లాగితే ఇంజన్ ఆగిపోయే తాడు) రెండూ తీసి జేబులో పెట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి, ఇందులో మొహమాటం లేదు. నాకోసారి ట్యూబు లాగే తాడు ఇంపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్‌కి మొలతాడులా బిగుసుకుపోయింది, కూరగాయల చాకుతో పోగు పోగు కోయడానికి గంట పట్టింది.

అంతా శుభ్రంగా ఉన్నా వణుకు పోలేదా? టార్చి వేసి ఇంపెల్లర్ అంచులు చూడండి, గులకరాయి లోపలికెళ్తే గాట్లు పడతాయి, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్ కూడా అరుగుతుంది.

ఇంటికొచ్చి కుళాయి నీళ్ళతో ఇంజన్ లోపల కడిగేటప్పుడు (ఫ్లష్) చాలా బోట్లకి ముందు ఇంజన్ ఆన్ చెయ్యాలి, తర్వాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజన్. ఈ వరుస తారుమారైతే నీళ్ళు సిలిండర్లలోకి పోవచ్చు. మీ బోటుది మాన్యువల్‌లో చూసుకోండి.