పాత హోఫ్నర్ వయొలిన్ బేస్: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా బాగుచేయాలి

వయొలిన్ ఆకారపు బేస్ గిటార్ హోఫ్నర్ 500/1 అమ్మకానికి కనిపిస్తే అందరి కళ్లూ ముందు సన్‌బర్స్ట్ రంగు మీదకి, ముత్యపుచిప్పలా మెరిసే ప్లాస్టిక్ మీదకి పోతాయి. అమ్మేవాళ్లు పెట్టేవీ ఆ ఫొటోలే. మీరు అడగాల్సిన ఫొటో వేరు: బేస్‌ని పక్కకు తిప్పి, మెడ బాడీలోకి దిగే అతుకును దగ్గరగా తీసినది. పికప్ (తీగల మోతను విద్యుత్ సంకేతంగా మార్చే చుట్ట) చెడితే మళ్లీ చుట్టించవచ్చు, పైపలక చీలితే అతికించవచ్చు. మెడ కోణం పోతే మాత్రం అతుకు విప్పి మళ్లీ కూర్చాలి. చాలాసార్లు ఆ ఒక్క పని ఖర్చే మిగతా అన్ని మరమ్మతుల కంటే ఎక్కువవుతుంది.

వాల్టర్ హోఫ్నర్ ఈ బేస్‌ని 1955లో రూపొందించారు, 1956లో అది బయటికొచ్చింది. పైపలక స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్. మధ్యలో దిమ్మ ఉండదు, మొత్తం గుల్ల. అందుకే బరువు రెండు, రెండున్నర కిలోలే. స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 30 అంగుళాలు. కాలం పోల్చుకోవడానికి పికప్‌లు మంచి గుర్తు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నదానిలో రెండు పికప్‌లూ మెడవైపే పక్కపక్కన ఉంటాయి. ఆయన 1963 బేస్‌లో ఒకటి బ్రిడ్జ్ (పైపలక మీద తీగలు ఆనే ముక్క) వైపు జరిగింది. 60ల చివరికి పికప్ మీద నాలుగు చిన్న స్టేపుల్స్ పోయి ఒకే పొడుగు బ్లేడ్ వచ్చింది. 500/1కి ఎఫ్ ఆకారపు రంధ్రాలు ఉండవు, మెడ జిగురుతోనే అతికించి ఉంటుంది. ఎఫ్ రంధ్రాలు గానీ, రంగుతో వేసిన ఎఫ్ గుర్తులు గానీ, మెడ వెనక బోల్టులు గానీ కనిపిస్తే అది వేరే కంపెనీ నకలు అయివుండొచ్చు. నకళ్లలోనూ మంచివి ఉంటాయి, కాకపోతే ఆ ధర పెట్టక్కర్లేదు.

బేస్ చేతికొచ్చాక శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఇ తీగను నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు, అంటే మూడు ఎ4 కాగితాల మందం. అంతకంటే బాగా ఎక్కువుంటే మెడ వంగింది. ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి లోహపు కడ్డీ) ఉన్న బేస్ అయితే తీగలు కాస్త వదులు చేసి, రాడ్ చివరి నట్‌ని ఒక్కోసారి పావు చుట్టు బిగించి చూడాలి. మొదటి కాలపు బేస్‌లలో తిప్పుకునే రాడ్ ఉండదన్నది గుర్తుంచుకోండి. నట్ కదలకపోతే ఒక చుక్క నూనె వేసి మర్నాటిదాకా ఆగండి. బలవంతం చేస్తే రాడ్ తెగుతుంది.

మెడ తిన్నగానే ఉండి, 12వ ఫ్రెట్ దగ్గర తీగ మూడు మిల్లీమీటర్లకు పైగా లేచి ఉండి, బ్రిడ్జ్ చక్రాలు కిందకంటా దిగిపోయి ఉంటే తప్పు అతుకుది. బస్సు టికెట్ లాంటి పలచటి కాగితం తీసుకుని మెడ మడమ (మెడ బాడీకి ఆనే చివర) కింద దూర్చి చూడండి. శ్రుతిలో ఉన్నప్పుడు దూరిన కాగితం, తీగలు వదులు చేశాక దూరకపోతే జిగురు వదిలిందన్నమాట. దీనికి పూర్తిగా తిరగబడిన లక్షణం ఒకటుంది: బ్రిడ్జ్ బాగా పైకి లేపి ఉన్నా తీగలు ఫ్రెట్లకు తగులుతుంటాయి. అప్పుడు పైపలకే బ్రిడ్జ్ కింద కుంగింది. పలక మీద స్టీలు స్కేలు అడ్డంగా పెడితే గుంట కనిపిస్తుంది. వేలి కణుపుతో అక్కడక్కడా తట్టండి. ఎక్కడైనా గరగరమంటే లోపలి ఊతకర్ర ఊడింది.

మడమలోకి స్క్రూ గానీ బోల్టు గానీ కొట్టి ఉంటే ధర బాగా తగ్గించమనండి, లేదా వదిలేయండి. ఆ స్క్రూ చెక్కను చీలుస్తుంది, తర్వాత ఎవరు విప్పినా ముక్కలొస్తాయి.

విదేశం నుంచి తెప్పిస్తుంటే ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్లతో నొక్కే పలక) చెక్క ఏదో రాతపూర్వకంగా అడగండి. పూర్తయిన వాద్యాల్లోని మామూలు రోజ్‌వుడ్‌కి 2019 నవంబర్ నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి అవసరం లేదు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం కావాలి. ప్యాకింగ్‌లో తీగలు వదులు చేయమని, బ్రిడ్జ్ తీసి విడిగా గుడ్డలో చుట్టమని, మెడ కింద మెత్త పెట్టమని చెప్పండి.

ఇంటికొచ్చిన వెంటనే పని మొదలెట్టకండి. జర్మనీలోని బవేరియా చలిలో దశాబ్దాలున్న స్ప్రూస్ విశాఖ ఉక్కకి ఉబ్బుతుంది, హైదరాబాద్ ఏప్రిల్ ఎండకి కుంచించుకుపోతుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచి, కేస్ తెరిచి వారం పది రోజులు అలవాటు పడనివ్వండి. పది రోజుల తర్వాత కూడా ఉన్న చీలికే నిజమైన చీలిక. మే నెలలో కారు డిక్కీలో మాత్రం ఒక్క గంట కూడా ఉంచొద్దు, జిగురు మెత్తబడుతుంది.

తీగలు విప్పేముందు బ్రిడ్జ్ పాదాలు ఎక్కడున్నాయో కొలిచి రాసుకోండి. బ్రిడ్జ్ పలకకు అతికి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. దాని పైన ఎబొనీ (నల్లటి గట్టి చెక్క) గాడుల్లో పేర్చిన చిన్న చిన్న ఫ్రెట్ తీగ ముక్కలే తీగలకు ఆనిక. తీగ తీయగానే అవి రాలి నేలమీద కనబడకుండా పోతాయి. కింద తెల్ల గుడ్డ పరుచుకుని, ఏ ముక్క ఏ గాడిలో ఉండేదో గుర్తుపెట్టుకోండి.

మురికి తుడవడానికి ముందు తడి పిండేసిన మెత్తటి గుడ్డ వాడండి. జిడ్డు మిగిలితే నాఫ్తా, అంటే లైటర్‌లో పోసే ద్రవం, కనబడని చోట పరీక్షించి వాడొచ్చు. థిన్నర్, ఎసిటోన్ దగ్గరికి రానివ్వొద్దు. పాత లాకర్ మీది సన్నటి పగుళ్లను అలాగే ఉంచండి. కొత్తగా రంగు వేయిస్తే ఆ బేస్ విలువ అక్కడే పోతుంది.

అంచుల చుట్టూ ఉండే పట్టీ, ట్యూనర్ బొత్తాలు సెల్యులాయిడ్ కావచ్చు. దాన్ని మెత్తగా ఉంచేది కర్పూరం. ఏళ్లు గడిచాక ఆ కర్పూరం ఎగిరిపోయి పట్టీ కుంచించుకుంటుంది, పొడిపొడిగా రాలుతుంది, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కేస్ తెరవగానే ఘాటు వాసన, స్క్రూల మీద పచ్చటి తుప్పు కనిపిస్తే కారణం అదే. కుళ్లిన ముక్కను తీసేయాల్సిందే, లేకపోతే పక్కదాన్నీ లోహాన్నీ తింటుంది. సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే పదార్థం. సోల్డరింగ్ ఐరన్, హెయిర్ డ్రయ్యర్ దాని దగ్గరికి తీసుకురావద్దు.

మడమ దగ్గర సందు చిన్నదైతే, అక్కడ పాత మరమ్మతు జిగురు ఏదీ లేదని తేలితే, వేడి హైడ్ గ్లూ (జంతు చర్మంతో చేసే జిగురు) ఎక్కించవచ్చు. గుళికలకు రెండింతలకు కొంచెం తక్కువ చన్నీళ్లు పోసి నానబెట్టి, ఇంకో పాత్రలోని వేడినీళ్లలో పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచండి. మరిగితే బలం పోతుంది. పలచటి స్టీలు రేకుతో లోపలికి నెట్టి, తీగలు లేకుండా, చెక్క దిమ్మల మీద తోలు ముక్కలు వేసి క్లాంపు బిగించండి. 24 గంటలు కదిలించొద్దు. ఇక్కడ హైడ్ గ్లూనే ఎందుకంటే రేపు వేడితో, తడితో మళ్లీ విప్పుకోవచ్చు. ఎపాక్సీ పెడితే ఆ అతుకు ఇక విడదు. లోపల తెల్ల జిగురో ఎపాక్సీయో ఉంటే హైడ్ గ్లూ దాని మీద పట్టదు. మెడ కంటికి కనబడేలా ఊగుతున్నా అంతే, అతుకు విప్పగలిగిన పనివాడి చేతికివ్వండి.

ఊడిన ఊతకర్రను పికప్ రంధ్రంలోంచి అందుకోవచ్చు. ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరాతో చూస్తూ జిగురు పెట్టి, పైపలకకీ వెనక పలకకీ మధ్య చిన్న స్క్రూ జాక్ నిలబెట్టి, కర్ర పలకకు ఆనేంత మాత్రమే తిప్పండి. ఎక్కువ తిప్పితే వెనక పలక పగులుతుంది.

విద్యుత్ భాగం ఈ బేస్‌లో సుళువు. రెండు వాల్యూమ్ నాబ్‌లు, మూడు స్లైడ్ స్విచ్‌లు ఉన్న ప్యానెల్ స్క్రూలు తీస్తే మొత్తం చేతిలోకొస్తుంది. అదే గిబ్సన్ ఈబీ-2 (మరో కంపెనీ బేస్) అయితే ఒక్కో పాట్‌కీ, అంటే నాబ్ కింది భాగానికి, దారం కట్టి ఎఫ్ రంధ్రంలోంచి బయటికి లాగాలి. ఫొటో తీశాకే వైర్లు ముట్టుకోండి. శబ్దం రాని బేస్‌లలో చాలావాటికి జబ్బు ఆ స్లైడ్ స్విచ్‌లలోని మకిలే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై, ముప్పై సార్లు అటూ ఇటూ జరపండి. అప్పటికీ పలకకపోతే పికప్ వైరు విడదీసి మల్టీమీటర్ పెట్టండి. కిలో ఓమ్‌లలో నిలకడైన అంకె వస్తే చుట్ట బాగుంది. ఓఎల్ అని చూపిస్తే లోపల తీగ తెగింది. పారేయకండి, అదే కవర్‌లో మళ్లీ చుట్టించండి. తీగలు ముట్టుకుంటే హమ్ పెరుగుతోందా? టెయిల్‌పీస్‌కి (తీగలను బాడీ చివర పట్టి ఉంచే లోహపు భాగానికి) వెళ్లే ఎర్త్ వైరు ఊడి ఉంటుంది. టెయిల్‌పీస్‌కీ జాక్ బయటి భాగానికీ మధ్య మీటర్ దాదాపు సున్నా చూపాలి.

తీగలు ఫ్లాట్‌వౌండ్ (పై చుట్టు చదునుగా ఉండేవి) వేయండి. కొనేముందు టెయిల్‌పీస్‌లో తీగ చివరి బంతి కూర్చునే చోటు నుంచి మెడ పైచివర తీగలు దాటే పట్టీ, అంటే నట్ దాకా టేపుతో కొలవండి. టెయిల్‌పీస్ వల్ల ఆ దూరం స్కేల్ కంటే చాలా ఎక్కువ ఉంటుంది. మామూలు షార్ట్ స్కేల్ సెట్‌లో సన్నబడే భాగం నట్ కంటే ముందే మొదలైపోవచ్చు. మందపాటి తీగలు వద్దు, ఈ అతుకు వాటిని మోయలేదు.

బ్రిడ్జ్ పాదాలు పలకకు పూర్తిగా ఆనాలి. బ్రిడ్జ్ ఉండేచోట 120 నంబరు గరుకు కాగితం గరుకువైపు పైకి పెట్టి, దాని మీద పాదాలను ముందుకూ వెనక్కూ రుద్దండి, తర్వాత 220తో. 12వ ఫ్రెట్ దగ్గర జి తీగ రెండు, ఇ తీగ రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉంచండి. 12వ ఫ్రెట్‌లో నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (నొక్కకుండా తాకి మీటిన స్వరం) కంటే ఎక్కువ పలికితే బ్రిడ్జ్ టెయిల్‌పీస్ వైపు జరగాలి, తక్కువ పలికితే మెడవైపు. మిగిలే చిన్న తేడాలకు ఆ ఫ్రెట్ ముక్కల్ని పక్క గాడిలోకి మార్చండి. నొక్కినప్పుడు శుభ్రంగా మోగి, వదిలిన తీగ మాత్రమే గరగరలాడితే నట్ పక్కనున్న జీరో ఫ్రెట్ అరిగింది. ఆ ఒక్క ఫ్రెట్ మార్పిస్తే చాలు.

ఈ కొలతలన్నీ చీటీ మీద రాసి కేస్‌లో పెట్టండి. శ్రుతిలో రెండు వారాలు ఉంచాక మడమ కింద బస్సు టికెట్ మళ్లీ దూర్చి చూడండి. దూరకపోతే వాయించుకోండి. దూరితే తీగలు వదులు చేసి, అతుకు విప్పించండి.