రేసులో ఏ టాస్క్ ముందు: దగ్గరదా, మూసేసేదా?

రేసులో చేయాల్సిన పనుల కార్డు చేతికి రాగానే చాలామంది ఏది దగ్గరుంటే దానికి పరిగెడతారు. పోయిన సంక్రాంతికి కజిన్స్ అందరం విజయవాడలో ‘అమేజింగ్ రేస్’ లాంటిది పెట్టుకున్నప్పుడు నేనూ మా తమ్ముడూ చేసింది అదే, ఆఖరున వచ్చిందీ అందుకే.

2001లో అమెరికాలో మొదలైన ఆ టీవీ షోలో టీములు పనులు చేసుకుంటూ ఫినిష్‌కి పరిగెడతాయి, మామూలుగా ఒక పని అయ్యాకే తర్వాతి క్లూ ఇస్తారు. స్క్రాంబుల్ అని మాత్రం ఒకటుంది, పనులు ముందే చెప్పేసి ఏ వరసలో చేసుకుంటారో మీ ఇష్టం అంటారు. మేం పెట్టుకున్నది అదే. కాళేశ్వరరావు మార్కెట్లో 100 రూపాయలకు ఐదు రకాల ఆకుకూరలు కొనాలి, పున్నమి ఘాట్ నుంచి బోటులో భవానీ ద్వీపం వెళ్లి రావాలి, ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభస్వామి బొమ్మ గీయాలి, ప్రకాశం బ్యారేజీ మీద దీపాల స్తంభాలు లెక్కపెట్టాలి (గేట్లు 70 అని అందరికీ తెలుసు కాబట్టి అది అడగలేదు). మొదలు బ్యారేజీకి ఇవతల విజయవాడ వైపు, ఫినిష్ అవతల సీతానగరంలో.

నాలుగు పనులంటే 24 వరసలు, అన్నీ లెక్కలేస్తూ కూర్చుంటే పొద్దు పోతుంది. ఒక్కో పనికి రెండు ప్రశ్నలు చాలు: దీనికి టైమ్ దాటిపోతుందా? ఇందులో మన చేతిలో లేనిదెంత?

ఆకుకూరలు పొద్దున్నే బాగా దొరుకుతాయి, మధ్యాహ్నానికి మిగిలేది వాడిపోయిన తోటకూర. గుహల గేటు సాయంత్రం వేసేస్తారు. బోటు సంగతి ఇంకా ఘోరం, జనం నిండితేగానీ కదలదు, ఎంతసేపు కూర్చోవాలో ఎవరూ చెప్పలేరు. అలాంటి పనిని ఎప్పుడూ ముందుకు లాగండి, ఆలస్యమైనా సర్దుకోడానికి వెనక టైమ్ ఉంటుంది. దీపాల స్తంభాలు మాత్రం రాత్రి పదికి వెళ్లినా అక్కడే ఉంటాయి.

మేం చేసింది చూడండి. “అన్నా, బ్యారేజీ ఎదురుగానే ఉంది, కొట్టేద్దాం పద” అన్నాడు తమ్ముడు. సగం దూరం వెళ్లాక ఎవరో ఫొటో తియ్యమని ఫోన్ చేతికిచ్చారు, లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి. అవతలి ఒడ్డు చేరాక తెలిసొచ్చింది, మార్కెట్టూ బోటూ రెండూ వెనకే ఉన్నాయని. అవి ముగించుకుని ఉండవల్లి చేరేసరికి గేటు వేసేశారు.

మా అత్త కూతుళ్లు మార్కెట్, బోటు అయ్యాక బ్యారేజీని ఆటోలో, ఒక్క స్తంభం కూడా లెక్కపెట్టకుండా దాటేశారు! నేరుగా ఉండవల్లి వెళ్లి, బొమ్మ గీసుకుని, తీరిగ్గా వెనక్కొచ్చి స్తంభాలు లెక్కపెట్టుకున్నారు. అలా చేస్తే బ్యారేజీ మరోసారి అటూ ఇటూ దాటాలి, మ్యాప్‌లో చూస్తే తెలివితక్కువగానే ఉంటుంది. కానీ దాని పొడవు కిలోమీటరుంబావు కూడా లేదు, ఆటోకి ఎంతసేపు!

ఇంకోటి, టీములన్నీ ఒకే చోటికి ఎగబడితే ఈ లెక్క మారుతుంది. ఒకేసారి ఒక టీమే చేయగల పనైతే, ముందు వేరేది చూసుకుని రండి. ఒకచోట ఇరుక్కుంటే ఎంతసేపు ఆగాలో బయల్దేరే ముందే ఇద్దరూ అనుకోండి, ఫోన్‌లో అలారం పెట్టండి, ఎందుకంటే అక్కడికెళ్లాక “ఇంకో ఐదు నిమిషాలు” అనకుండా లేచేవాళ్లని నేనింతవరకు చూడలేదు.