పూల స్టిల్ లైఫ్ చిత్రాన్ని చదవడం ఎలా?

కూజాలో పూలలాంటి కదలని వస్తువుల్ని గీసిన బొమ్మే స్టిల్ లైఫ్. గులాబీ అంటే ప్రేమ, రాలిన రేకు అంటే మరణం అంటూ అర్థాల పట్టికతో మొదలుపెడితే బొమ్మ చూడకముందే తీర్పు చెప్పినట్టవుతుంది. అర్థాల సంగతి చివర్న. ముందు కంటికి పని చెప్పండి.

రెండు మీటర్ల దూరంలో నిలబడి కళ్ళు సగం మూసి చూడండి. చిన్న చిన్న వివరాలు చెరిగిపోయి వెలుగు, నీడ రెండు ముద్దలుగా మిగులుతాయి. వెలుగు ఏ పక్క నుంచి పడుతోంది? అన్నిటికంటే ప్రకాశంగా ఉన్న పువ్వు ఏది? చూపు మొదట ఆగాల్సిన చోటు సాధారణంగా అదే. గాజు కూజా ఉంటే దాని మీద కిటికీ ప్రతిబింబం కూడా దొరకవచ్చు.

ఇప్పుడు దగ్గరికెళ్ళి పూలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 17, 18వ శతాబ్దాల డచ్ చిత్రాల్లో వసంతంలో పూసే తులిప్, వేసవి గులాబీ ఒకే కూజాలో కనిపిస్తాయి. తోటలో ఒకే రోజున కోయగలిగిన గుత్తి కాదది. చాలామంది చిత్రకారులు ఏ కాలంలో పూసే పువ్వును ఆ కాలంలో గీసి పెట్టుకుని, తర్వాత ఒకే బొమ్మలో కూర్చేవారు. డచ్ చిత్రకారుడు యాన్ వాన్ హైసుమ్ చిత్రం ఒకదాని మీద 1736, 1737 అని రెండు సంవత్సరాలున్నాయి, అంటే ఆ బొమ్మ ఒక్క ఏడాదిలో పూర్తి కాలేదన్నమాట. కాడల్ని కూడా కిందికి వెంబడించి చూడండి: పైనున్న బరువైన పువ్వు కాడ నిజంగా కూజాలోకి దిగుతుందా? చాలాసార్లు దిగదు. అంత నిజంలా కనిపించే బొమ్మ నిజానికి కట్టుకథ!

రెండుచోట్ల చాలామంది పొరబడతారు. పాత చిత్రాల్లో ఆకులు నీలంగా కనిపిస్తే అది చిత్రకారుడి వింత ఊహ అనుకోకండి. నీలంతో కలిపి పచ్చదనం తెచ్చిన పసుపు రంగు కాలక్రమంలో వెలిసిపోతే నీలమే మిగులుతుంది. తులిప్ రేకుల మీది మంటల్లాంటి చారలూ అలంకారం కాదు, పేనుబంక మోసుకొచ్చే వైరస్ తెగులు. ఆ తెగులున్న తులిప్ దుంపలకు అప్పట్లో డచ్ దేశంలో విపరీతమైన ధర పలికేది; 1637 ఫిబ్రవరిలో ఆ బేరాలు కుప్పకూలాయి. కాబట్టి చారల తులిప్ కనబడితే అందంతో పాటు డబ్బునూ చూడండి.

ఇక అర్థం. పుర్రె, ఆరిపోయిన దీపం, గడియారం లాంటివి పక్కన ఉంటే జీవితం క్షణికమనే వ్యాఖ్య నిలబడుతుంది. ఒక్క వాడిన రేకు చాలదు. మీ వ్యాఖ్యానాన్ని నాలుగు వాక్యాల్లో రాసుకుని, ప్రతి వాక్యానికీ బొమ్మలో ఆధారం వేలితో చూపించండి. చూపలేని వాక్యాన్ని కొట్టేయండి.