ఒక జీడిపిక్క, ఆరు శాఖలు: పీజీ పరిశోధనకు అంశం కుదుర్చుకోవడం ఎలా?

ఎంఏ, ఎమ్మెస్సీ చివరి సెమిస్టరులో ప్రాజెక్టుకు అంశం చెప్పమంటే, ఎచ్చెర్లలోనైనా విజయనగరంలోనైనా విద్యార్థుల నుంచి మొదట వచ్చే జవాబులు కొత్తగా ఏమీ ఉండవు. సామాజిక శాస్త్రాల వారు ‘గ్రామీణ మహిళా సాధికారత’ అంటారు. విజ్ఞాన శాస్త్రాల వారు పోయినేడు సీనియరు చేసిన పనిలోనే మొక్క పేరో లోహం పేరో మార్చి తెస్తారు. రెండు జవాబుల్లోనూ అంశం ఉంది గానీ ప్రశ్న లేదు. చేతికందే దూరంలో ఉన్న ఒక వస్తువునో, ఊరినో, వృత్తినో ముందుగా పట్టుకుని, దాన్ని మీ శాఖ ఏమని అడుగుతుందో ఆలోచించడం ఇంతకంటే నమ్మదగిన దారి.

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గ జీడిపిక్కనే తీసుకోండి. రసాయన శాస్త్ర విద్యార్థికి అది పెంకులోని నూనె. పచ్చి పెంకు నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. వేడి తగిలితే అది కార్బన్ డయాక్సైడును వదిలి కార్డనాల్‌గా మారుతుంది. పిక్కను కాల్చే చోట నుంచి ఒక నమూనా, ఆవిరి మీద ఉడికించే చోట నుంచి ఒక నమూనా తెచ్చి, ఆ మార్పు ఎందులో ఎంత జరిగిందో కొలవడం ఒక సెమిస్టరుకు సరిపోయే పని. భూగోళ శాస్త్ర విద్యార్థికి అదే పిక్క 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు కూలిన తోట. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, పది మీటర్ల స్పష్టత ఉంటుంది. అయితే తుపాను నెలలో తీసిన చిత్రాల నిండా మబ్బులే కాబట్టి 2018 ఫిబ్రవరి చిత్రాన్ని 2019 ఫిబ్రవరి చిత్రంతో పోల్చాలి. ఒకే రుతువును పోల్చకపోతే ఆకు రాలడమే తుపాను నష్టంగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది.

అర్థశాస్త్రానికి వస్తే, ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతి అయ్యే ముడి పిక్క ధర మారినప్పుడు ఉద్దానం రైతుకు దక్కే ధర ఎన్నాళ్లకు మారుతున్నదన్నది ప్రశ్న. పెంకు నూనె తగిలి పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్ల చర్మం కాలిపోతుంటే, చేతి తొడుగులు దొరికినా వారు ఎందుకు వేసుకోరో తెలుసుకోవడం సామాజిక శాస్త్రం పని. కిలోల లెక్కన ఇచ్చే కూలీ రోజు మొత్తానికి చట్టం చెప్పిన కనీస వేతనాన్ని అందుకుంటున్నదా అని న్యాయశాస్త్ర విద్యార్థి లెక్కగట్టవచ్చు. తెలుగు శాఖ వారిని ఇలాంటి చోట్లకు ఎవరూ పిలవరు గానీ, గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా చీలిన పప్పు) మొదలుకొని ఆ పనిలో వాడే ప్రతి మాటనూ, అది ఎవరి నోట ఏ అర్థంలో వచ్చిందో రాసిపెట్టే వృత్తి పదకోశం వారు తప్ప మరెవరూ చేయలేనిది. నన్నడిగితే ఈ ఆరింటిలో ముందు చేయవలసింది అదే, ఎందుకంటే యంత్రాలు వచ్చిన కొద్దీ చేతిపని మాటలు పోతాయి.

అంశం దొరికాక దాన్ని ప్రశ్నార్థకంతో ముగిసే ఒకే ఒక్క వాక్యంగా రాయండి. ఏ చోటు, ఏ కాలం, ఏది కొలుస్తారు అన్న మూడూ ఆ వాక్యంలోనే ఉండాలి. దాని కిందనే ‘ఏ ఫలితం వస్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను’ అని ఇంకో వాక్యం రాయండి. ఈ రెండో వాక్యం రాయలేకపోతే మీరు చేయబోయేది ప్రచారమే తప్ప పరిశోధన కాదని గుర్తించి, గైడు దగ్గరకు వెళ్లకముందే వెనక్కి తిరగవచ్చు.

ప్రశ్న పరిమాణం దగ్గర మన ప్రాంతంలో అందరూ తడబడే చోటు ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో దశాబ్దాలుగా ప్రజలను పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగు మందులు, ఎండలో ఒంట్లో నీరు తగ్గిపోవడం వంటి ఎన్నో అనుమానాలు ఉన్నాయి గానీ, ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు. పెద్ద సంస్థలే తేల్చలేకపోయిన కారణాన్ని నాలుగు నెలల్లో తేలుస్తామని ప్రాజెక్టుకు పేరు పెట్టడం అత్యాశ. ఒక పంచాయతీలో తాగునీటికి వాడే 20 బోర్లలో సిలికా, ఫ్లోరైడు మోతాదులు వానలకు ముందు ఎంత, తరువాత ఎంత అన్న ప్రశ్న చిన్నదే, కానీ దాని జవాబు మరొకరికి పనికివస్తుంది.

చిన్న ప్రశ్న కూడా సీసా దగ్గరే చెడిపోగలదు. ఒక ఏడాది మా దగ్గర ఒక విద్యార్థి ఎంతో శ్రద్ధగా నీటి నమూనాలు తెచ్చాడు. పరీక్షిస్తే అన్నిటిలోనూ నైట్రేటు నమ్మశక్యం కానంత వచ్చింది. ఎరువుల ప్రభావమని అప్పటికే రెండు పేజీలు రాసేశాడు కూడా. తీరా ఆరా తీస్తే, లోహాల పరీక్ష కోసం వేయవలసిన నైట్రిక్ ఆమ్లాన్ని అన్ని సీసాల్లోనూ వేసినట్టు తేలింది. అతనికి విడమరచి చెప్పకపోవడం నా తప్పే. అప్పటి నుంచి ప్రతి బోరుకూ రెండు ప్లాస్టిక్ సీసాలు ఇచ్చి పంపుతున్నాను. బోరును కొన్ని నిమిషాలు వదిలి, పైపులో నిలిచిన నీరు పోయాకే సీసా పట్టాలి. లోహాల కోసం పట్టిన సీసాకు ఎర్ర మూత పెట్టి, పీహెచ్ 2 కంటే తగ్గే వరకు ఆమ్లం వేయాలి. నైట్రేటు, ఫ్లోరైడుల సీసాకు తెల్ల మూత పెట్టి, ఏమీ కలపకుండా ఐసు పెట్టెలో ఉంచాలి. గాజు ఫ్లోరైడుతో చర్య జరుపుతుంది కనుక దాని జోలికి పోవద్దు. తేదీ, వేళ, బోరు లోతు అక్కడికక్కడే రాయాలి. గదికి వచ్చాక గుర్తుచేసుకుని రాసిన వివరాలను నేను ఒప్పుకోను.

మనుషులను అడిగి రాసుకునే పరిశోధనకు క్రమశిక్షణ ఇంకా ఎక్కువ కావాలి. ఆరోగ్యానికి, శరీరానికి సంబంధించిన ప్రశ్న ఏదైనా ఉంటే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి, తరువాత ప్రతి వ్యక్తి నుంచి తెలిసి ఇచ్చిన అంగీకారం తీసుకోవాలి. చదవలేని వారికి పత్రాన్ని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ‘మీ వార్షిక ఆదాయం ఎంత?’ అని అడిగితే నోటికి వచ్చిన అంకె చెబుతారు. ఈ ఏడు ఎన్ని బస్తాలు అయ్యాయి, ఎన్ని అమ్మారు, ఎంతకు అమ్మారు అని విడివిడిగా అడగండి. బస్తా అంటే ఆ ఊరి లెక్కన ఎన్ని కిలోలో కూడా అడిగి రాసుకోండి. సీతంపేట కొండల్లో సవరుల మధ్య పనిచేసేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. తెలుగు ప్రశ్నావళిని దుబాసీ చేతికిచ్చి కూర్చుంటే ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి అవుతుంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే ఆ భాషను సవరుల నోటి నుంచే నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. అంత మీ వల్ల కాకపోయినా, ప్రశ్నలను ఒకరి చేత సవరలోకి మార్పించి, మరొకరి చేత తిరిగి తెలుగులోకి చెప్పించి సరిచూసుకోవచ్చు.

గణాంకాలతో పనిచేసే అర్థశాస్త్ర, భూగోళ, రాజనీతి శాస్త్ర విద్యార్థులు ముందు చూడవలసినది జిల్లా సరిహద్దు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. 1979 జూన్ 1న అందులో కొంత, విశాఖపట్నం జిల్లాలో కొంత కలిపి విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114 అని ఉన్నది పాత జిల్లా లెక్క. దాన్ని ఇప్పటి శ్రీకాకుళం అంకెల పక్కన పెట్టి జనాభా తగ్గింది, వలస పెరిగింది అని తేల్చిన సెమినారు పత్రాలను విన్నాను. మండలాల వారీ అంకెలు తీసుకుని మీరే కూడుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

చరిత్ర విద్యార్థికి ఇలాంటి చిక్కే శాసనాల తేదీల్లో ఎదురవుతుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. కానీ తూర్పు గాంగుల శాసనాల్లో కనిపించే అంక సంవత్సరాల్లో, అంటే రాజు ఏలుబడి ఏళ్లను లెక్కపెట్టే ఒక ప్రత్యేక పద్ధతిలో, 1ని, 6తో ముగిసేవాటిని, 10 తప్ప సున్నాతో ముగిసేవాటిని వదిలేస్తారు. అందుచేత శాసనంలో 22వ అంకం అని ఉంటే అది రాజు ఏలుబడిలో 18వ ఏడు.

ఇక అందరూ చెప్పే మాటను సరిచూడడం కూడా మంచి పరిశోధనాంశమే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే పక్షులు సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) గాని, ఎర్రకాళ్ల కొంగలు గాని దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాల పక్షులే. మరి గూళ్లు ఖాళీ అయ్యాక అవి ఏ చెరువుల్లో తిరుగుతాయి అన్నది జంతుశాస్త్ర విద్యార్థికి తగిన ప్రశ్న. గూళ్ల దగ్గరకు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి.

ప్రశ్న కుదిరాక, ఇదే పని ఇంతకుముందు ఎవరైనా చేశారేమో శోధగంగలో వెతకండి; దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. ఒకరు చేశారని అంశాన్ని వదులుకోనక్కరలేదు. వారు చివరి అధ్యాయంలో మిగిల్చిన ప్రశ్నను అందుకోవచ్చు. వారి వాక్యాలను మాత్రం ఎత్తుకోవద్దు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే శిక్షలు మొదలవుతాయి.

అన్నిటికంటే ముందు క్యాలెండరు చూసుకోండి. ఊడ్పుల రోజుల్లో పగలు ఇళ్లలో ఎవరూ దొరకరు కాబట్టి సర్వే సాయంత్రాలకు పెట్టుకోవాలి. వేటకు గుజరాత్ వెళ్లిన మత్స్యకారుల గురించి రాసేవారు వారు ఊళ్లో ఉండే నెలలు ఏవో ముందే కనుక్కోవాలి. వానలకు ముందటి నీటి నమూనా కావాలనుకుంటే, ప్రాజెక్టు తరువాతి సెమిస్టరులో ఉన్నా సరే, మే నెలలోనే సీసాలు కడిగి ఆరబెట్టుకోవాలి.