నడుం దెబ్బ తగిలితే ముందు చేయాల్సింది

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర మా ఊళ్లో చిన్నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడితే, నలుగురం కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాం. పెద్ద తప్పు. వెన్నుపూస విరిగి ఉంటే, అలా వంచినప్పుడు లోపలి వెన్నుపాము నలిగిపోవచ్చు. ఆయనకు పూస చిట్లింది, మూడు నెలలు బెల్టుతో గడిచింది. నడుస్తున్నాడు, అదే చాలు మాకు.

పడిన మనిషిని లేపకండి, నీళ్లు తాగించకండి. తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కి ఫోన్ చేయించండి, ఒడిశాలోనూ అదే నంబరు. కదపక తప్పకపోతే తల, మెడ, నడుం ఒకే వరసలో ఉండేలా నలుగురూ ఒక్కసారిగా దొర్లించి చెక్క పలక మీదికి చేర్చండి.

బస్తాలు మోస్తే వచ్చే నొప్పి వేరు. చాలామందికి 6 వారాల్లో తగ్గుతుంది. మంచం పట్టకుండా మెల్లగా నడవాలి. నొప్పి కాల్లోకి దిగితే, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ నరాన్ని నొక్కుతుండొచ్చు. దానికీ ముందు మందులు, ఫిజియోథెరపీయే; ఆపరేషన్ కొందరికే. నాటువైద్యుడి చేత నడుం తొక్కించుకోవద్దు, దండం పెడతాను.

మూత్రం ఆగినా, పిరుదుల దగ్గర, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి బయల్దేరండి.